రెన్విక్ వంతెన మీద పలికిన మాట

బుషెహర్,
ఆబాన్ నెల

వులెక్ ఫరామర్జ్!

ఆబాదాన్ కుర్రాళ్ళం ఒకరినొకరం ఇలా కాక ఇంకెలా పిలుచుకుంటాం? ఇస్ఫహాన్‌లో అందరూ నిన్ను "ఫరామర్జ్ గారూ" అంటుంటే తలకెక్కినట్టుంది. నా ఫోన్ ఎత్తడం కూడా మానేశావు. గురువారం సాయంత్రం నేను ఫోన్ చెయ్యడం, నువ్వు ఎత్తి "రెన్విక్ మాట్లాడుతున్నాను, త్వరగా చెప్పు, వెనక మనుషులున్నారు" అనడం, యుద్ధం మనల్ని చెరో ఊరికి విసిరేసినప్పటి నుంచీ ఉన్న అలవాటు. ఈమధ్య ప్రతిసారీ ఫరంగీస్ చెల్లెమ్మే ఎత్తి "ఆయన బజారుకెళ్ళారన్నయ్యా" అంటోంది. నీ మిఠాయి కొట్టే బజారులో ఉంది కదరా! మళ్ళీ ఏ బజారుకెళ్తున్నావు?

సరే, అసలు సంగతికొస్తా. టెహ్రాన్ సినిమా పత్రికవాళ్ళు పోటీ పెట్టారు. గూఢచారి రెన్విక్ వేషం కట్టిన ముగ్గురిలో ఎవరు గొప్పో పాఠకులే తేల్చాలట. కూపన్ కత్తిరించి, పేరు రాసి నౌరూజ్ కొత్త సంవత్సరం లోపల పంపాలి. మనం ఆబాదాన్‌లో ఆ ఆరుబయలు వేసవి సినిమా హాలు బెంచీల మీద మొదలుపెట్టిన తగువు దేశం మొత్తానికి అంటుకుంది.

నా ఓటు ఇయాన్ కెట్లీకి, ఇది నీకు కొత్త కాదు. తలుపు తీస్తాడు. గదంతా ఒకసారి చూస్తాడు. టోపీ తీసి బల్ల మీద పెడతాడు. నోరు విప్పడు, అయినా ఆ గదిలో ద్రోహి ఎవడో మనకు తెలిసిపోతుంది. మరి నీ డెరెక్ హాల్మ్? మెడ మీద కత్తి ఉన్నా వాగుతాడు. పేలబోయే బాంబుతో కూడా కబుర్లు చెబుతాడు. ఇక మూడోవాడు గైల్స్ ఫేబర్, తల దువ్వుకోవడానికి తీరిక దొరుకుతుందని గూఢచారి అయినవాడు. మా ఆవిడ మహీన్‌కి అతనంటే ప్రాణం. "మీరిద్దరూ ఏమన్నా అనుకోండి, నదిలో దూకినా చెదరని జుట్టంటే మాటలా?" అనేది. ఆమె పోయినా అతని పోస్టర్ మాత్రం నా వీడియో కొట్టు గోడ మీద అలాగే ఉంది. తియ్యడానికి చెయ్యి రాలేదు.

నీ హాల్మ్‌కి ఉన్నదల్లా వంతెన సీను ఒక్కటే. మంచు పడుతుంటుంది. అతని స్నేహితుణ్ణి శత్రువులు కారెక్కించుకుని అవతలి ఒడ్డుకు తీసుకుపోతుంటారు. రెన్విక్ మనకు వీపు పెట్టి, కమ్మీ పట్టుకుని నిలబడి అంటాడు: "వెళ్ళిరా నేస్తం. నువ్వొచ్చేదాకా సమోవర్ ఆర్పను." తిరిగొచ్చాక వేడి టీ ఉంటుందన్న ఆ మాటకి, పొద్దుతిరుగుడు గింజలు కొరకడం కూడా ఆపేసి హాలంతా ఏడ్చింది, కాదనను. కానీ ఒక్క సీనుకి ఎవడైనా ఓటేస్తాడా?

జవాబు రాయి. నన్ను బాగా తిట్టు, చాలా రోజులైంది. ఈ ఉత్తరంతో పాటు ఖర్జూరాలు పంపుతున్నాను.

నౌజర్


ఇస్ఫహాన్,
ఆజర్ నెల

ప్రియమైన నౌజర్‌కి,

ఖర్జూరాలు అందాయి. ఫరంగీస్ నీకు కృతజ్ఞతలు చెప్పమంది. కొట్టులో పని ఎక్కువగా ఉంది. పిస్తా ధర పెరిగింది. చలికి నా గొంతు కాస్త బొంగురుపోయింది, ఫోన్లో మాట్లాడితే దగ్గు తెర వస్తుంది. అందుకే ఎత్తలేదు, మరోలా అనుకోవద్దు. శుక్రవారాలు ఖాజూ వంతెన కమానుల కింద పాడేవాళ్ళ దగ్గరికి కూడా వెళ్ళడం లేదు. అక్కడ నా చోటు ఖాళీగా ఉంటోందని పక్క కొట్టాయన చెప్పాడు. చలి తగ్గాక చూద్దాం.

ఓటు గురించి నువ్వు రాసింది ఆలోచించాను. కెట్లీయే గొప్పవాడేమో అనిపిస్తోంది. మాట లేకుండా నెగ్గుకురావడం చిన్న సంగతి కాదు. ఈమధ్య అతని టేపులే పెట్టుకుని చూస్తున్నాను. "ఏంటి, అన్నయ్య పార్టీలో చేరారా?" అని ఫరంగీస్ అడిగింది. నా కూపన్ కూడా అతని పేరుకే నింపుతాను.

ఆరోగ్యం జాగ్రత్త.

నీ
ఫరామర్జ్


బుషెహర్,
దే నెల

ఈ ఉత్తరం రాసిన పెద్దమనిషికి,

మీరెవరో నాకు తెలియదు. మా ఫరామర్జ్‌ని ఎక్కడ కట్టిపడేశారో చెబితే వచ్చి విడిపించుకుంటాను. మా వాడు "కృతజ్ఞతలు" అని రాయడు. "మరోలా అనుకోవద్దు" అనడు. హాల్మ్‌ని వదిలి కెట్లీ వైపు రావడం మాట అటుంచి, అలా కల వస్తే లేచి మొహం కడుక్కునే రకం.

ఒరేయ్, ఒకసారి గుర్తు తెచ్చుకో. రిఫైనరీ క్యాంటీన్లో హాల్మ్‌ని "వాగుడుకాయ" అన్నానని చేపల పులుసు గిన్నె నా ఒళ్ళో బోర్లించావు. నీ పెళ్ళిలో ఉంగరాలు తొడుక్కోకముందే నన్ను పక్కకు లాగి "ఇవాళైనా ఒప్పుకో, హాల్మే గొప్ప" అన్నావు. గుండ్లు పడుతున్న రోజుల్లో కూడా ఈ తగువు మానలేదు. అలాంటివాడు ఒక్క ఉత్తరానికి లొంగిపోతే నేను సంతోషిస్తాననుకున్నావా? నాకు అన్నం సయించలేదు.

నిన్న మళ్ళీ ఫోన్ చేశాను. ఫరంగీస్ "బజారుకెళ్ళారు" అనబోయి మధ్యలో ఆగిపోయింది. వెనక ఎవరో దగ్గారు. అది నీ దగ్గులా లేదు.

డొంకతిరుగుడు వద్దు. నీకేమైంది?

నౌజర్


ఇస్ఫహాన్,
దే నెల

నౌజర్,

దగ్గింది నేనే. ఆవిడ అబద్ధం చెప్పలేక ఆగిపోయింది, నువ్వు పెట్టేశాక వంటింట్లోకెళ్ళి ఏడ్చింది. ఇక నీ దగ్గర దాచి లాభం లేదు.

గొంతులో కురుపు. చెడ్డ రకం. డాక్టరు మంచివాడే, చుట్టూ తిప్పకుండా చెప్పాడు. "గొంతు పెట్టె తీసేస్తే మీరు దక్కుతారు. తాత్సారం చేస్తే రెండూ దక్కవు" అన్నాడు. మెడకు కన్నం పెడతారట. ఊపిరి అక్కణ్ణించే. మాట ఇక ఉండదు.

నేను వద్దన్నాను.

నన్ను తిట్టే ముందు పూర్తిగా చదువు. మా వీధిలో గజ్ మిఠాయి అమ్మే కొట్లు వరసగా ఉన్నాయి. అందరిదీ ఒకటే పిస్తా, ఒకటే పంచదార. జనం మిగతా కొట్లు దాటుకుని నా దగ్గరికి వచ్చేది కబుర్ల కోసం. ఫరంగీస్ నన్ను చేసుకుంది ఈ ముక్కు చూసి కాదు, నువ్వే సాక్షివి. వంతెన కమాను కింద నేను పాట ఎత్తుకుంటే నీళ్ళ మీంచి అది తిరిగొస్తుంది. ఆ క్షణం నాకు ఏ లోటూ ఉండదు. అవన్నీ తీసేశాక మంచం మీద మిగిలేవాడు ఎవడు? వాడితో ఫరంగీస్ ఏం చేసుకుంటుంది?

నీ కెట్లీని అందుకే చూశాను. మౌనంగా బతకడం నేర్చుకుందామని. చెప్పులో రాయిలా అతను నన్ను సతాయించాడు. అతను మాట్లాడగలిగి కూడా ఊరుకుంటాడు. టోపీని బల్ల మీద పెట్టినట్టు మాటని పక్కన పెడతాడు, కావాలంటే మళ్ళీ తీసుకుంటాడు. నాకు బల్ల మీద ఏమీ ఉండదు. తనకు తానై ఊరుకున్నవాడు వేరు, నోరు పోయినవాడు వేరు.

నాకు భయంగా ఉందిరా. చావంటే కూడా ఇంత భయం లేదు. ఉన్న నెలలు మాట్లాడుతూనే పోతాను. నువ్వు ఫోన్ చెయ్యకు. నీ చెవిలో నా పాత గొంతే ఉండనీ.

ఫరామర్జ్


బుషెహర్,
బహ్మన్ నెల

వులెక్!

నీ ఉత్తరం చదివి కొట్టు తలుపు వేసేసి సముద్రం ఒడ్డుకెళ్ళి కూర్చున్నాను. నిన్ను తిట్టడానికి ఎన్నో మాటలు పోగేసుకుని వచ్చాను. రాయబోతుంటే దుబాయ్ సరుకు తెచ్చే పడవ సరంగు వచ్చి ఒక పొట్లం ఇచ్చి వెళ్ళాడు. దాంతో తిట్లన్నీ మర్చిపోయాను. ఇప్పుడు నేను చెప్పేది కూర్చుని చదువు.

పోటీ సంగతి తెలియగానే, నీ నోరు మూయించాలని, హాల్మ్ సినిమా అసలు ఇంగ్లీషు టేపు తెమ్మని అతనికి చెప్పాను. నువ్వూ నేనూ చూసిందంతా ఫార్సీ డబ్బింగే కదా. అసలు గొంతులో హాల్మ్ ఎంత బోడిగా ఉంటాడో నీకు పంపి ఏడిపిద్దామని. రిఫైనరీలో దొరల దగ్గర నేర్చిన ఇంగ్లీషు ఆ మాత్రానికి సరిపోతుంది.

వంతెన సీను వచ్చింది. మంచు. కారు కదిలింది. హాల్మ్ కమ్మీ పట్టుకుని వీపు పెట్టి నిలబడ్డాడు. నేను ముందుకు వంగి కూర్చున్నాను. మాట రాలేదు. టేపు పాడైందేమోనని వెనక్కి తిప్పాను. మళ్ళీ తిప్పాను. గాలి చప్పుడు వినిపిస్తోంది, కారు చప్పుడు వినిపిస్తోంది, అతను మాత్రం నోరు విప్పడు.

ఫరామర్జ్, హాల్మ్ ఆ మాట అనలేదు. ఏ రోజూ అనలేదు. వీపు ఇటుంది, పెదవులు కనబడవు కదా అని టెహ్రాన్‌లో డబ్బింగ్ గదిలో కూర్చున్న ఏ మహానుభావుడో ఆ ఖాళీలో తన మాట పోశాడు. అది విని మనం ఇన్నేళ్ళు చొక్కాలు పట్టుకుని కొట్టుకున్నాం. అసలు ఇంగ్లీషువాడి ఇంట్లో మనలా టీ కాచుకునే సమోవర్ ఎక్కడిదిరా? ఆబాదాన్ మొత్తంలో ఒక్కడికైనా తట్టిందా?

చాలాసేపు నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఎందుకో చెబుతాను.

యుద్ధం మొదలైన ఆ నెలలో పక్క ఊరు మాహ్‌షహర్‌లో నన్నూ మహీన్‌నీ బస్సెక్కించి, నువ్వు రిఫైనరీ మంటలు ఆర్పడానికి వెనక్కి తిరిగావు. బస్సు కదులుతుంటే వీపు పెట్టి నిలబడ్డావు, ఏడుస్తున్న మొహం మాకు కనబడకూడదని. అలా నిలబడే గట్టిగా అరిచావు. "వెళ్ళిరా నేస్తం. నువ్వొచ్చేదాకా సమోవర్ ఆర్పను." బస్సంతా ఏడ్చింది. ఎవరూ తెలియని ఊరికి పోతున్నా ఆ మాట పట్టుకుని మహీన్ దారంతా ధైర్యంగా కూర్చుంది. నువ్వు హాల్మ్‌ని అనుకరించావని నేను ఇన్నేళ్ళూ అనుకున్నాను. కాదు. హాల్మ్ అనలేదు, ఎవడో తెర వెనక అన్నాడు. బతికున్న మనిషి ఇంకో బతికున్న మనిషితో అన్నది నువ్వొక్కడివే. ఆ మాట నీది. దాన్ని ఏ డాక్టరూ కొయ్యలేడు, అది ఎప్పుడో నా దగ్గరికి వచ్చేసింది.

ఇంకోటి కూడా చెప్పి ఊరుకుంటా. నోరు విప్పని హాల్మ్‌కి ఒకడు గొంతు అరువిచ్చాడు, జనం అతన్ని నెత్తిన పెట్టుకున్నారు. నీకు నేనిస్తాను. నువ్వు పెదవులు కదుపు, నేను వెనక నిలబడి మాట వేస్తాను. నా గొంతు గాడిదకు చుట్టమే, అయినా పనికొస్తుంది. గురువారం ఫోన్ ఎత్తి ఊపిరి వదులు చాలు, మిగతాది ఇద్దరి తరపునా నేనే మాట్లాడతాను. మహీన్ పోయాక వారమంతా ఆ గురువారం కోసమే గడుపుతున్నాను, ఇప్పటిదాకా నీకు చెప్పలేదు. నాకు నీ గొంతు కాదురా, నువ్వు కావాలి. నన్ను ఒక్కణ్ణి చెయ్యకు.

టేపు పంపుతున్నాను. నమ్మకపోతే నువ్వే చూసుకో.

నౌజర్


ఇస్ఫహాన్,
బహ్మన్ ఆఖరు

వులెక్ నౌజర్, దొంగ వెధవా!

నువ్వు నన్ను ఒప్పించడానికి నీ కొట్టులో మెషిన్లతో ఆ మాట చెరిపేసి ఉంటావని మొదట అనుకున్నాను. ఫరంగీస్‌తో "చూడు మీ అన్నయ్య మోసం" అన్నాను. ఇద్దరం కూర్చుని చూశాం. సినిమా అంతా అసలు గొంతులే, ఎక్కడా అతుకు లేదు. నువ్వు నిజమే చెప్పావు. ఆబాదాన్ వాడు నిజం చెప్పడం నా జీవితంలో ఇదే మొదటిసారి చూడటం.

సమోవర్ దగ్గరికొచ్చేసరికి ఫరంగీస్‌కి నవ్వు ఆగలేదు. "పాపం ఇంగ్లీషాయన, నెత్తిన సమోవర్ పెట్టుకుని గూఢచారితనం ఎలా చేశాడండీ?" అని పడీపడీ నవ్వింది. ఆవిడ నవ్వు విని ఎన్ని నెలలైందో. ఆ తర్వాత ఆవిడే రిమోట్ తీసుకుని వెనక్కి తిప్పింది. "భుజం చూడండి" అంది.

నువ్వు చూశావా? నాకు నమ్మకం లేదు, నీకు ఎప్పుడూ టోపీలే కనబడతాయి. కారు మలుపు తిరిగేటప్పుడు హాల్మ్ కుడి భుజం కొంచెం పైకి లేచి ఆగిపోతుంది. పిలవబోయి మానుకున్నట్టు. అంతే. ఇన్నేళ్ళు ఆ మాట చప్పుడులో నేను ఆ భుజాన్ని చూడనే లేదు. హాల్మ్‌ని నేను ప్రేమించింది తప్పు కారణానికే, కానీ తప్పు మనిషిని మాత్రం కాదు.

టీవీ ఆపేశాక ఫరంగీస్ నా పక్కన కూర్చుని అంది: "ముప్పై ఏళ్ళు మీరు మాట్లాడారు, నేను విన్నాను. ఇప్పుడు నేను మాట్లాడతాను, మీరు వినండి. నాకు మీతో చెప్పుకోవాల్సినవి చాలా మిగిలిపోయాయి." ఇక వద్దని ఎలా అనను?

వచ్చే వారం కోస్తారు. నీకు షరతులు పెడుతున్నాను. ఒకటి, ఆస్పత్రికి వచ్చి ఏడవకు, నౌరూజ్ అయ్యాక రా. రెండు, నా మాట వేసేటప్పుడు నీ చచ్చు జోకులు కలపకు. ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, నా కూపన్ మార్చేశాను. హాల్మ్‌కే నా ఓటు. కెట్లీ గురించి నేను రాసినదంతా జబ్బులో రాసింది, చెల్లదు.

ఈ రాత్రి కాసేపు గొంతెత్తి పాడుకుంటాను. బాగోలేదు, అయినా నాదే.

ఫరామర్జ్


బుషెహర్,
ఫర్వర్దీన్ నెల

వులెక్!

నౌరూజ్ నాడు ఫోన్ ఎత్తావు. మాట రాలేదు. గాలి చప్పుడు వినిపించింది, లోపలికీ బయటికీ. ఆ సినిమాలో వంతెన మీద గాలి గుర్తొచ్చింది. "రెన్విక్ మాట్లాడుతున్నాను, త్వరగా చెప్పు" అని నీ తరపున నేనే అనుకుని, నాకు నేనే జవాబు చెప్పుకున్నాను. కొట్టులో టేపు కోసం వచ్చినవాళ్ళు నాకు పిచ్చెక్కిందనుకుని బయటికి నడిచారు. తర్వాత చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాను. షరతు గుర్తుంది, కానీ ఫోన్లో ఏడవకూడదని నువ్వు రాయలేదు.

చేపలు, చింతపండు తీసుకుని వస్తున్నాను. ఫరంగీస్‌ని వంటింట్లోకి రావద్దని చెప్పు.

నౌజర్


ఇస్ఫహాన్,
ఆర్దిబెహెష్త్ నెల

వులెక్ నౌజర్!

నువ్వు వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. ఫరంగీస్ ఇంకా వంటింటి గోడల మీంచి చింతపండు తుడుస్తూనే ఉంది.

నువ్వు చేసిన ఘనకార్యాలు అన్నీ రాసిపెట్టాలి. కొట్టులో నా వెనక నిలబడ్డావు. నేను ఒకావిడతో "ఇవాళ చేసిందే, తాజాగా ఉంది" అని పెదవులు కదిపితే, నువ్వు "ఈ మిఠాయి తింటే మీ వారు మళ్ళీ మిమ్మల్నే పెళ్ళి చేసుకుంటారు" అని అరిచావు. ఆవిడ నా వంక చూసింది. నేను సిగ్గుపడి తల దించుకున్నాను. రెండు పెట్టెలు కొనుక్కుపోయింది. ఇప్పుడు నువ్వు లేవని తెలిసినా జనం వచ్చి "ఆ వెనకాయన ఏమంటాడు?" అని అడుగుతున్నారు. నేను చేతులతో ఏదో చెబుతాను, వాళ్ళే మాట వేసుకుంటారు. మా వీధిలో అందరూ డబ్బింగ్‌వాళ్ళయిపోయారు.

వంతెన కింద నువ్వు పాడింది మాత్రం నేను క్షమించను. నా చోట నన్ను నిలబెట్టి, స్తంభం వెనక దాక్కుని ఎత్తుకున్నావు. అక్కడ మాతో పాడే ముసలి కరీం "ఎవర్రా గాడిదని తోలుకొచ్చింది?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మెడ దగ్గర గాలి వచ్చేంత నవ్వొచ్చింది. తర్వాత కరీం నా పక్కనొచ్చి నిలబడి, నేను పాడే పాటే తను పాడాడు. నేను భుజం కదిపినప్పుడల్లా నా కోసం ఆగి, నేను తల ఊపాక ఎత్తుకున్నాడు. అది నా పాటే. నీళ్ళ మీంచి తిరిగొచ్చింది కూడా.

పత్రికలో ఫలితం వచ్చింది. చూసుంటావు. మన తగువంతా నీళ్ళపాలైంది, గెలిచింది గైల్స్ ఫేబర్! మహీన్ వదిన ఎక్కడున్నా ఇప్పుడు జుట్టు సవరించుకుంటూ మనల్ని చూసి నవ్వుతూ ఉంటుంది. ఇక్కడున్నప్పుడు నువ్వు ఒప్పుకున్నది ఫరంగీస్‌కి కూడా చెప్పాను, చెప్పానంటే రాసి చూపించాను. ఇన్నేళ్ళూ కెట్లీ, కెట్లీ అని అరిచి, ఆఖరికి కూపన్ మీద వదిన కోసం ఫేబర్ పేరు రాసిన మనిషివి. ఫరంగీస్ "అన్నయ్య బంగారం" అంది. నాకూ అదే అనిపించింది, కానీ నీకు చెప్పనని తనతో ఒట్టేశాను. రాయనని వెయ్యలేదు.

ఆఖరుది బస్టాండు సంగతి. బస్సు కదులుతుంటే నేను నీ కిటికీ వైపు చూసి గబగబా పెదవులు కదిపాను. నువ్వు సగం బయటికి వేళ్ళాడి, బస్సంతా వినేలా నా మాట వేశావు. "వెళ్ళిరా నేస్తం. నువ్వొచ్చేదాకా సమోవర్ ఆర్పను!" డ్రైవరు కూడా వెనక్కి తిరిగి చూశాడు. ముందు సీట్లో ముసలావిడ కళ్ళు ఒత్తుకుంది. నువ్వు కూడా ఒత్తుకున్నావు.

ఒరేయ్, నేనన్నది అది కాదు. "నీ ఫ్లాస్కు మా ఇంట్లోనే మర్చిపోయావు" అన్నాను.

అయినా నువ్వు వేసిన మాటే బాగుంది. దాన్నే ఉంచుతున్నాను. ఫ్లాస్కు మాత్రం పోస్టులో పంపను, వచ్చి తీసుకెళ్ళు.

ఫరామర్జ్